ఎన్ని గీతల ముగ్గు?

ఒక కాగితం మీద మూడు వరసల్లో, వరసకు నాలుగు చొప్పున పన్నెండు చుక్కలు పెట్టండి. ఇప్పుడు మెలికల ముగ్గు వేయాలి. నియమాలు రెండే. గీత చుక్కను తాకకుండా, చుక్కల సందుల్లోంచి ఏటవాలుగా సాగిపోవాలి. అంచుకు చేరాక చివరి చుక్కను చుట్టి లోపలికి మళ్లాలి. పెన్సిలు ఎత్తకుండా అలా పోతూ ఉంటే గీత పన్నెండు చుక్కల్నీ చుట్టబెట్టి, బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. మొత్తం ముగ్గుకు ఒక్కటే గీత.

ఇప్పుడు నాలుగు వరసలు, వరసకు ఆరు చుక్కలు. పద్ధతి అదే. ఈసారి గీత మొదటికి వచ్చేస్తుంది గానీ సగం ముగ్గే పూర్తవుతుంది. మిగతా సగానికి ఇంకో గీత కావాలి. మూడుకు మూడు పెడితే మూడు గీతలు. ఐదుకు ఏడు పెడితే ఒకటే. ఆరుకు తొమ్మిది పెడితే మళ్లీ మూడు.

చెన్నై పెరంబూరులో మా మేడ మీద ఆదివారం పూట చుట్టుపక్కల పిల్లలు కొందరు లెక్కలకు చేరతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లిషు మాట్లాడే పిల్లలు. వాళ్ల చేత సుద్దముక్కలతో ఈ ముగ్గులే వేయించాను. ఫలానా అధ్యాయం అని చెప్పలేదు. ఎన్ని చుక్కలకు ఎన్ని గీతలు వచ్చాయో గోడ మీద పట్టీ రాయమన్నానంతే. పట్టీ సగం నిండేసరికి ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, "తాతయ్యా, ఇది హెచ్‌సీఎఫ్!" అంది. అవును, అదే. తెలుగు పుస్తకాల్లో గరిష్ఠ సామాన్య భాజకం, గ.సా.భా. వరసల సంఖ్యకూ వరసకున్న చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో ముగ్గుకు అన్ని గీతలు.

బట్టలారేయడానికి మేడెక్కిన కింది వాటా పెద్దావిడ ఇదంతా చూసి, "అన్నీ సమానంగా పెడితే గీత విడిపోతుందమ్మా. ఒకటి తేడా పెట్టుకోండి, ఎప్పుడూ కలుస్తుంది" అంది. ఆవిడ చదివింది ఐదో తరగతి. పక్కపక్క సంఖ్యలకు ఒకటి తప్ప ఉమ్మడి భాజకం ఉండదన్న సూత్రాన్ని ఎన్నో ఏళ్లుగా వాకిట్లో వాడుతోంది.

సరే, గ.సా.భా. అని కనుక్కున్నారు. ఎందుకు గ.సా.భా.? లెక్క అసలు ఇక్కడే మొదలవుతుంది. చాలా ప్రయోగ పాఠాలు ఆగిపోయేది కూడా ఇక్కడే. ముగ్గు వేయించి, చప్పట్లు కొట్టించి పంపేస్తే అది డ్రాయింగు క్లాసు.

నాలుగుకు ఆరు ముగ్గునే తీసుకుందాం. ప్రతి చుక్క చుట్టూ నాలుగు చిన్న ఏటవాలు ముక్కలు ఉంటాయి, పేకముక్క మీది డైమండు గుర్తులా. 24 చుక్కలు కాబట్టి మొత్తం 96 ముక్కలు. ఇక గీత ప్రయాణం చూడండి. క్యారమ్ బోర్డు మీద స్ట్రైకరు అంచులకు కొట్టుకుంటూ తిరిగినట్టు అది అడ్డంగానూ నిలువుగానూ ఒకేసారి కదులుతోంది. ఒక్కో చుక్కను దాటడానికి రెండు ముక్కలు పడతాయి. అడ్డంగా ఆరు చుక్కలు, కాబట్టి ఆ చివరికి పోవడానికి 12, తిరిగి రావడానికి 12, మొత్తం 24. నిలువుగా నాలుగు చుక్కలు, పోవడానికి 8, రావడానికి 8, మొత్తం 16. గీత మొదటికి చేరాలంటే రెండు రాకపోకలూ ఒకేసారి పూర్తవ్వాలి. 24కూ 16కూ కనిష్ఠ సామాన్య గుణిజం, క.సా.గు., 48. అంటే ఒక గీత 48 ముక్కల్ని మింగుతుంది. 96 ముక్కలకు గీతలు రెండు.

ఏ చుక్కలకైనా వాదన ఇదే. చుక్కల మొత్తాన్ని, వరసల సంఖ్యకూ వరసకున్న చుక్కల సంఖ్యకూ ఉన్న క.సా.గు.తో భాగిస్తే (ఇక్కడ 24ను 12తో) గీతల సంఖ్య వస్తుంది. రెండు సంఖ్యల లబ్ధాన్ని వాటి క.సా.గు.తో భాగిస్తే వచ్చేది గ.సా.భా. అని ఆరో తరగతి పిల్లలు బట్టీ పట్టే సూత్రం ఒకటుంది కదా, ముగ్గు పొడుగునా పరుచుకుని ఉన్నది అదే. మూలల్లో గీత చిక్కుకుని వెనక్కి తిరిగితే ఈ లెక్క చెడుతుంది. అది సరిగ్గా మూలకు ఎప్పుడూ తగలదు, మూల చుక్కను చుట్టే వెళ్తుంది. ఈ సంగతి మా మేడ మీద పన్నెండేళ్ల పిల్లాడు అడిగితే గానీ నేను చెప్పలేదు. అడగకపోతే మరో వారం ఆగి ఉండేవాణ్ణి.

పిల్లలు ఇంకా ముందుకు పోతారు. నాలుగుకు నాలుగు పెడితే నాలుగు గీతలు. వాటిని ఒకే గీత చేయాలంటే? రెండు వేర్వేరు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట దాటనివ్వకుండా ఇటునుంచి వచ్చినదాన్ని ఇటే మళ్లిస్తే ఆ రెండూ కలిసిపోయి ఒకటవుతాయి. ముగ్గులు వేసేవాళ్లు చేసే పని ఇదే. అలాంటి మార్పులు ఎన్ని కావాలి? మూడు. రెంటితో సరిపెట్టలేమా? లేము. ఒక్కో మార్పుకు మహా అయితే ఒక గీత తగ్గుతుంది. ఈ ఒక్క వాక్యం నిరూపణే. "సాధించబడినది" అని కింద రాయలేదన్న మాటే గానీ లోటేమీ లేదు.

చెన్నైకి ఇది కొత్తేమీ కాదు. తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కళాశాలలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వారితో పాటు కమలా కృతివాసన్ 1974లో కోలాల మీద, అంటే తమిళుల ముగ్గుల మీద, పరిశోధన పత్రం ప్రచురించారు. వాక్యాలను వ్యాకరణ నియమాలు పుట్టించినట్టే బొమ్మలను పుట్టించే నియమాలు రాయవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. కంప్యూటరు శాస్త్రంలో చిత్రభాషల అధ్యయనానికి మన వాకిలి ముగ్గు ఇలా ఉపయోగపడింది. ధనుర్మాసంలో మైలాపూరు మాడ వీధుల్లో తెల్లవారకముందే నడిచినవాళ్లకు ఆ పత్రంలోని ఉదాహరణలు కళ్లముందే కనిపిస్తాయి.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తయారైనప్పుడు గణిత బోధన మీద ఏర్పడిన బృందానికి అధ్యక్షుడు ఆర్. రామానుజం. అప్పట్లో ఆయన తరమణిలోని గణితశాస్త్రాల సంస్థలో ఆచార్యుడు. ఆ బృందం నివేదికలో సమస్యల జాబితా మొదలైంది పిల్లల భయంతో, ఓడిపోయామన్న భావనతో. పిల్లల ఆలోచనే గణితపరం కావాలి, లెక్కలు చేసే నైపుణ్యం అందులో ఒక భాగం మాత్రమే అని ఆ నివేదిక వాదించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా చెన్నైలో తల్లిదండ్రులు ముందు అడిగేది "సెంటం వస్తుందా?" అనే. నూటికి నూరన్నమాట. అడగడం తప్పు కాదు, ఇంజనీరింగు సీటు దాని మీదే ఆధారపడి ఉంది. కానీ సెంటం తెచ్చుకున్న పిల్లల్ని పక్కకు పిలిచి భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు ఎందుకు తిరగేసి గుణిస్తాం అని అడగండి. చాలామంది నేల చూపులు చూస్తారు.

దీనికి మందుగా మన పుస్తకాలు ఒక పని చేస్తాయి: నిత్యజీవితం. కూరగాయల బిల్లు, పెయింటు ఖర్చు, ఒకాయన బ్యాంకులో వేసిన సొమ్ము మీద వడ్డీ. నాకు దీని మీద పెద్ద గురి లేదు. పదకొండేళ్ల పిల్లకు పెయింటు ఖర్చుతో ఏం పని? ముగ్గులోని గ.సా.భా.కు ఉపయోగం గుండుసున్నా. అయినా గీత ఈసారి కలుస్తుందా లేదా అన్నది తెలిసేదాకా పిల్లలు భోజనానికి దిగరు. ఉపయోగం ఉన్నంత మాత్రాన అర్థం పుట్టదు. జవాబు తెలుసుకోవాలన్న దురద ముందుండాలి.

ఆ దురద మన పూర్వులకూ ఉండేది. తొమ్మిదో శతాబ్దపు జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో దండలాంటి గుణకారాలు కొన్ని ఉన్నాయి. 139ని 109తో గుణిస్తే 15151, ఎటు నుంచి చదివినా ఒకటే. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు: 11111111. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మన భాషలో గణితశాస్త్రం అలా పద్యాల్లో మొదలైంది. ఆ దండల్లో మాయేమీ లేదు. ఎనిమిది ఒకట్లను విడగొడితే 1111 × 10001 అవుతుంది. ఆ 10001 మళ్లీ 73 × 137. అందులోంచి 73ను పక్కన పెట్టి మిగతావన్నీ కలిపి గుణిస్తే 152207. దండ గుచ్చినవాడు ముందే దండను విప్పి చూశాడన్నమాట.

ఇది తెలిశాక పిల్లలు సొంతంగా తయారు చేసేస్తారు. ఆరు ఒకట్లను విడగొడితే 3, 7, 11, 13, 37 వస్తాయి. కాబట్టి పదమూడేళ్ల పిల్లాడికి పుట్టినరోజు కానుకగా 8547 ఇవ్వొచ్చు. దాన్ని తన వయసుతో గుణిస్తే 111111 వస్తుంది. పదకొండేళ్ల వాళ్లకు 10101. పద్నాలుగేళ్ల అమ్మాయికి మాత్రం కానుక దొరకలేదు, అలిగింది. బేసి సంఖ్యను సరి సంఖ్య భాగించదని ఆ అమ్మాయికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. చివరికి 15873 ఇచ్చి, ఆరు రెండ్లతో సరిపెట్టుకోమన్నారు.

ఇవన్నీ చేయడానికి బడిలో టైమెక్కడిది అంటారు ఉపాధ్యాయులు. నిజమే. నలభై ఐదు నిమిషాల పీరియడు, తరగతిలో యాభై మంది, పరీక్షకు ముందు పూర్తి చేయాల్సిన పాఠాలు. ఏడాదికి నాలుగైదు పాఠాలు ఇలా జరిగినా చాలనిపిస్తుంది నాకు. ఏవి ఎంచుకోవాలో ఉపాధ్యాయుడికే వదిలేయాలి. పైనుంచి ఫలానా ప్రయోగం ఫలానా తేదీన అని ఉత్తర్వు వస్తే అదీ రికార్డు పుస్తకంలో నింపే గడి అయి కూర్చుంటుంది. ముత్యాలపేట హైస్కూలులో లెక్కలు చెప్పిన పి.కె. శ్రీనివాసన్ ఏ ఉత్తర్వూ లేకుండానే పిల్లలతో గణిత ప్రదర్శనలు పెట్టించేవారు. రాయపురంలో గణితజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ పేరిట చిన్న మ్యూజియం నెలకొల్పినదీ ఆయనే.

పదో తరగతి త్రికోణమితికి చెన్నై కంటే మంచి బడి ఇంకొకటి లేదు. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) దగ్గర్నుంచి దక్షిణంగా పెరుంబాక్కం కొండ వైపు దాదాపు 12 కిలోమీటర్ల ఆధారరేఖను కొలిచాడు. భారతదేశాన్ని త్రిభుజాలతో కప్పేసిన మహా సర్వేకు పునాది అది. ఒక భుజం కొలిస్తే చాలు, ఇక కోణాలు చూసుకుంటూ పోవచ్చు, మిగతా భుజాలన్నీ కాగితం మీద వచ్చేస్తాయి. వాడిన ఉక్కు గొలుసు పొడవు 100 అడుగులు. అది బ్రిటిష్ రాయబారులు చైనా చక్రవర్తికి కానుకగా పట్టుకెళ్లగా ఆయన వద్దన్నది, తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. మద్రాసు ఎండలో ఆ గొలుసు పది డిగ్రీలు వేడెక్కితే మూడు నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది. 12 కిలోమీటర్లలో దాన్ని దాదాపు నాలుగు వందలసార్లు పరచాలి, అంటే మీటరుకు పైగా తేడా. అందుకే థర్మామీటర్లు పక్కన పెట్టుకుని కొలిచాడు. 1804లో బెంగళూరు దగ్గర ఇంకో రేఖను నేల మీద కొలిపించి, త్రిభుజాల లెక్క ప్రకారం రావాల్సిన పొడవుతో పోల్చి చూసుకున్నాడు. తేడా నాలుగు అంగుళాల లోపే.

ఈ కథ చెప్పాక పెద్ద పిల్లలకు కోణమానిని, దారం, ఒక నట్టు ఇచ్చి ఎదురు వీధి అపార్టుమెంటు ఎత్తు కనుక్కోమన్నాను. పుస్తకంలో కోణం ఎప్పుడూ 30, 45, 60. ఇక్కడ దారం గాలికి ఊగుతుంది. 40 మీటర్ల దూరం నుంచి 35 డిగ్రీలు చదివిన జట్టుకు 28 మీటర్లు వచ్చింది. అదే చోట 36 చదివిన వాళ్లకు 29 దాటింది. ఎవరిది రైటు అని పెద్ద గొడవ. సందు చివర, నూరు మీటర్ల అవతల నిలబడ్డ వాళ్లది మరీ ఘోరం. అక్కడ కోణం 15 డిగ్రీలే, ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే ఎత్తు రెండు మీటర్లు మారిపోతోంది. మరెక్కడ నిలబడితే పొరపాటు తక్కువ అన్న ప్రశ్న వాళ్లలోంచే వచ్చింది. ఏ కోణానికి ఎత్తు దూరానికి ఎన్ని రెట్లో చెప్పే టాన్ పట్టిక ముందేసుకుని తంటాలు పడి 45 దగ్గర అని తేల్చారు. అక్కడైతే పట్టిక కూడా అక్కర్లేదు. దారం 45 చూపించేదాకా వెనక్కీ ముందుకీ జరిగి, గోడదాకా టేపు పెట్టి, కంటి ఎత్తు కలుపుకుంటే చాలు. కంటి ఎత్తు కలపడం మరిచిన జట్టుకు మాత్రం మీటరున్నర తక్కువొచ్చింది.