"నొప్పి లేదు కదా" అంటే కుదరదు: పాదాల మీద అపోహలు - వాస్తవాలు

పాదాల డాక్టర్‌నని చెప్పగానే "అంటే ఆర్థోనా?" అంటారు. కొంత ఆర్థో, కొంత షుగర్, కొంత గోళ్లు, చర్మం, చెప్పులు. హైదరాబాద్‌లో పోడియాట్రీ, అంటే పాదాల వైద్యం, ఇంకా కొత్త మాటే. అందుకే మా దాకా వచ్చేసరికి ప్రతివాళ్లూ నాలుగు సలహాలు పాటించేసి ఉంటారు.

అపోహ: మడమ ఎముక పెరిగింది, ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే కలుక్కుమని, కాసేపు నడిచాక సర్దుకునే నొప్పి చాలావరకు అరికాలి కింద ఉండే గట్టి పట్టీది. ఎక్స్‌రేలో ముల్లులా పెరిగి కనిపించే ఆ మడమ ఎముక ఏ నొప్పీ లేనివాళ్లకూ ఉంటుంది. పిక్కలకూ అరికాలికీ రోజూ స్ట్రెచింగ్ చేయాలి. ఇంట్లో గ్రానైట్ గచ్చు మీద ఒట్టికాళ్లతో తిరగడం మానేసి మెత్తటి చెప్పులు వేసుకోవాలి. నెలలు పట్టొచ్చు గానీ ఎక్కువమందికి కోత అవసరం పడదు. అన్నట్టు, మడమ నొప్పి అనగానే యూరిక్ యాసిడ్ టెస్టుకు పరిగెత్తకండి. యూరిక్ యాసిడ్ వల్ల కీళ్లు వాచే గౌట్ మొదట పట్టుకునేది ఎక్కువగా బొటనవేలి మొదట్లో.

అపోహ: కాలు మడతపడినా నడుస్తున్నాడంటే ఎముక విరగలేదు, మాలిష్ చేయిస్తే చాలు.

వాస్తవం: ఎముక చిట్లినా కుంటుకుంటూ నడిచేవాళ్లున్నారు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ముందు ఎక్స్‌రే. కట్టు సంగతి ఆ తర్వాత.

అపోహ: షుగర్ ఉంది గానీ కాళ్లు నొప్పి లేవు, బాగానే ఉన్నాయి.

వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఈ మాటే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోతే నొప్పే తెలీదు. స్పర్శ పరీక్షలో కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారాన్ని వంగేదాకా అరికాలికి ఆనిస్తాం. అది వంగిందంటే 10 గ్రాముల ఒత్తిడి పడినట్టు. కొందరు కళ్లు మూసుకునే "ఇక మొదలుపెట్టండి డాక్టర్ గారూ" అంటారు. అప్పటికి సగం పరీక్ష అయిపోయి ఉంటుంది! అలాంటి కాలు మే నెల ఎండలో గుడి చుట్టూ ప్రదక్షిణ చేసొస్తే బొబ్బలెక్కినా మనిషికి తెలీదు. కాళ్లు లాగుతున్నాయని ఉప్పు వేసిన వేడినీళ్లలో పెట్టుకుని కాల్చుకున్నవాళ్లూ వస్తుంటారు. మందుల షాపులో దొరికే ఆనెకాయల పట్టీలో చర్మాన్ని తినే యాసిడ్ ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు దాని జోలికే వెళ్లొద్దు. ఏడాదికోసారైనా ఈ స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లను చూడమనాలి. పుండు పడినా, పుండు లేకుండానే పాదం ఎర్రబడి వేడిగా వాచినా పసుపు అద్ది వారం ఆగొద్దు, మర్నాటికల్లా చూపించాలి.

అపోహ: డాక్టర్ దగ్గరికి కొత్త చెప్పులేసుకుని వెళ్లాలి.

వాస్తవం: ఎవరూ పైకి అనరు గానీ అందరూ చేసేది ఇదే! పైగా వాటినీ గుమ్మం బయటే విడిచి వస్తారు. రోజూ తొడిగే పాత జతను లోపలికే పట్టుకురండి. అడుగు ఏ పక్క అరిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. ఒక్కోసారి మీ కాలికి తెలియకుండా దిగిన మేకు కూడా అందులోనే దొరుకుతుంది.