గోడలో పైపు ఎక్కడుందో ఎవరికి తెలుసు?

పోయిన వానాకాలం బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దగ్గరి మా అపార్ట్‌మెంటులో ఒక బాత్రూమ్ సీలింగ్ చెమ్మెక్కింది. ప్లంబరు పై ఫ్లాట్‌లో నాలుగు టైల్స్ లేపాడు. అక్కడ పైపు లేదు. ఇంకో ఆరు లేపాడు, అక్కడా లేదు. అసోసియేషన్ బీరువా తీస్తే బిల్డరు ఇచ్చిపోయిన ఫైలు ఒకటి కనబడింది. అందులో ఉన్నది ప్లాన్ శాంక్షన్ కాపీ, అంటే కట్టుకోమని అనుమతి ఇచ్చిన ప్లాన్ నకలు. గదుల కొలతలు, సెట్‌బ్యాకులు (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఉన్నాయి కానీ పైపుల ఊసే లేదు.

పక్క ఫ్లాట్ కుర్రాడిది మదనపల్లె. ఒక ఆఫీసులో ఎంఈపీ మోడలరు. అంటే కరెంటు, నీళ్లు, ఏసీ లైన్లను కంప్యూటర్లో త్రీడీలో కట్టే పని. పగిలిన టైల్స్ చూసి నవ్వాడు. "అన్నా, ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రికి ఆరు నెలల నుంచి చేస్తున్నా. అక్కడ ఏ వాల్వు ఏ గది సీలింగ్ మీదుందో ఇక్కడి నుంచే చెప్తా. మన బ్లాకులో మెయిన్ వాల్వు ఎక్కడుందో మాత్రం తెలీదు."

ఆ కుర్రాడు చేసే పని పేరు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. ఆఫీసుల్లో పొట్టిగా 'బిమ్' అంటారు. పేరు కొత్తగా వినబడుతుంది గానీ ఆలోచనకు యాభై ఏళ్లు దాటాయి. 1970ల్లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చార్లెస్ ఈస్ట్‌మన్ అనే ప్రొఫెసర్‌ డ్రాయింగులతో వచ్చే చిక్కును గమనించాడు. ఒకే గోడ ప్లాన్‌లో (పై నుంచి చూసినట్టు) ఒకసారి, ఎలివేషన్‌లో (ఎదురుగా చూసినట్టు) ఒకసారి, సెక్షన్‌లో (అడ్డంగా కోసి చూసినట్టు) ఇంకోసారి గీస్తారు. ఒక చోట మార్చి మిగతా చోట్ల మర్చిపోతే సైట్‌లో గొడవ. కట్టడం మొత్తాన్ని కంప్యూటర్లో ఒక్కసారే వర్ణించి పెడితే ప్లానైనా, సెక్షనైనా, సరుకు లెక్కైనా దాంట్లోంచే తీసుకోవచ్చని 1975లో రాశాడు.

లోకం మాత్రం వేరే దారి పట్టింది. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ డ్రాయింగ్ బోర్డును కంప్యూటర్లోకి తెచ్చింది. గీయడం తేలికైంది, నిజమే. కానీ ఆ కంప్యూటర్‌కు గోడంటే రెండు గీతలు, అంతే. అది ఇటుక గోడో, దాంట్లో పైపుందో లేదో దానికేం తెలుసు? మన సైట్లలో ఇప్పటికీ ఎక్కువగా నడిచేది ఈ గీతల మీదే.

ఈస్ట్‌మన్ దారిలో నడిచినవాళ్లు కొందరే. బుడాపెస్ట్‌లో గ్రాఫిసాఫ్ట్ అనే కంపెనీ 1980ల్లో ఆర్కీక్యాడ్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అదే దశకంలో లండన్ హీత్రో మూడో టెర్మినల్ మరమ్మతుకు రుకాప్స్ అనే సాఫ్ట్‌వేర్‌ వాడారు. ఈ పద్ధతి ముందుగా అక్కరకొచ్చిన చోట్లలో ఇలాంటి పాత కట్టడమూ ఉండటం నాకు ముచ్చటేసింది. 2000లో రెవిట్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే ఇంకోటి వచ్చింది. 2002లో ఆటోక్యాడ్ కంపెనీ ఆటోడెస్క్ దాన్ని 13.3 కోట్ల డాలర్లకు కొనేశాక బిమ్ అన్న మాట ఊరూరా పాకింది.

కాంట్రాక్టర్లు దీన్ని పట్టుకోవడానికి అసలు కారణం 'క్లాష్'. ఏసీ డక్టు వెళ్లి బీముకు గుద్దుకుంటే తెర మీద ఎర్రగా కనబడుతుంది. స్లాబు పోసే ముందే అక్కడ స్లీవ్, అంటే దారి వదిలే గొట్టం, పెట్టేస్తారు. చూసుకోకపోతే కోర్ కటింగ్ మిషన్ తెచ్చి, కడ్డీలు ఎక్కడ తెగుతాయోనన్న టెన్షన్‌తో గట్టిపడ్డ కాంక్రీటుకు చిల్లి వేయాలి. ఈ లాభం కట్టే రోజునే చేతికొస్తుంది కాబట్టి డబ్బు పెట్టడానికి వెనకాడరు. బెంగళూరులో కూర్చుని పైదేశాల కట్టడాలకు క్లాషులు తీసే మోడలర్లలో మనవాళ్లు కోకొల్లలు.

కట్టాక ఇరవై ముప్పై ఏళ్లు దాన్ని నడిపేవాడి సంగతి వేరు. సమాచారం ఒక చేతి నుంచి ఇంకో చేతికి సరిగా అందక అమెరికా పెద్ద కట్టడాల రంగంలో ఏటా 1580 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని 2004లో ఆ దేశపు ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ లెక్క కట్టింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు పడేది యజమానుల మీద, నిర్వహించేవాళ్ల మీద. 2007లో అమెరికా ఆర్మీ ఇంజనీర్ల దగ్గర కోబీ అనే పద్ధతి పుట్టింది. ఏ పంపు ఏ గదిలో ఉంది, ఏ మోడల్, వారంటీ ఎప్పటిదాకా అన్నది పట్టికగా రాసి అప్పగించడమే అది. చూస్తే మామూలు స్ప్రెడ్‌షీటే. నా దృష్టిలో మాత్రం త్రీడీ బొమ్మలకంటే అదే ఎక్కువ పనికొస్తుంది. 2016 ఏప్రిల్ నుంచి తమ పనులకు బిమ్ తప్పనిసరని బ్రిటన్ ప్రభుత్వం 2011లోనే చెప్పింది. ఆ అనుభవం మీదే 2018 చివర్లో ఐఎస్ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. కట్టడాన్ని నడిపే దశకు చెందిన భాగం 2020లో చేరింది.

మన దగ్గర 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం రెరా ఉంది. అవసరమైన డాక్యుమెంట్లు, ప్లాన్లు బిల్డరు అసోసియేషన్‌కు అప్పగించాలని 17వ సెక్షన్ చెప్తుంది. అవి ఏ రూపంలో ఉండాలి, కట్టింది కట్టినట్టు చూపే యాజ్-బిల్ట్ డ్రాయింగులు అందులోకి వస్తాయా అన్నది ఆ సెక్షన్ విడమరిచి చెప్పదు. మాకొచ్చిన ఆ ఒక్క ఫైలు అలా వచ్చిందే.

పోనీ ఇప్పుడు లేజర్ స్కాన్ చేయించి మోడల్ కట్టిద్దామా అని అడిగాను. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. స్కానరుకు కంటికి కనబడేదే కనబడుతుంది. గోడ లోపల పూడ్చిన పైపు దానికీ దొరకదు. షాఫ్టులు, పంపు రూము, సంపు వరకు మాత్రం పనికొస్తుందట.

పైపు చివరికి ఎదురు గోడలో దొరికింది. ఎల్బో (పైపు మలుపు) దగ్గర జాయింటు వదులైంది. మేస్త్రీ సిమెంటు కలుపుతుంటే కుర్రాడు ఆగమన్నాడు. టేపు సాగదీసి, ఒక కొస నేలకు, ఇంకో కొస పైపుకు ఆనించి ఫోన్లో ఫోటో తీశాడు. మూల నుంచి దూరానికి ఇంకోటి. ఆ రాత్రి అసోసియేషన్ గ్రూపులో పెట్టాడు: "బాత్రూమ్, పడమటి గోడ, నేల నుంచి 42 సెంటీమీటర్లు."