నివేదిక చేతికొచ్చేది శిక్షకు ముందా, తర్వాతా? పోలీసు శాఖా విచారణల నేపథ్యం

శ్రీకాకుళం, విజయనగరం పోలీసు క్వార్టర్లలో సస్పెన్షన్ల మాట మళ్లీ నలుగుతోంది. ఉదయం ఫోన్లలో ఒక వీడియో తిరగడం, సాయంత్రానికల్లా సస్పెన్షన్ ఉత్తర్వు రావడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. ఉత్తర్వు వార్త అవుతుంది గాని, ఆ తర్వాత నెలల తరబడి నడిచే ఓరల్ ఎంక్వైరీ (సాక్షులను విని, ఉద్యోగి జవాబు తీసుకునే శాఖా విచారణ), సిబ్బంది నోట ‘ఓఈ’, ఎవరి కంటా పడదు. ఉద్యోగం నిలిచేదీ పోయేదీ మాత్రం అక్కడే తేలుతుంది. అక్కడ తమకు తగిన అవకాశం దొరకడం లేదన్నది సిబ్బంది బాధ, క్రమశిక్షణ సడలకూడదన్నది అధికారుల వాదన.

మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నందున ఇక్కడి పోలీసు వ్యవస్థ 1861 నాటి పోలీసు చట్టం కన్నా రెండేళ్లు పాతదైన 1859 జిల్లా పోలీసు చట్టం కింద ఏర్పడింది. ఆ పాత చరిత్ర, రాజ్యాంగంలోని 311వ అధికరణం పూర్వాపరాలు చాలాసార్లు రాసినవే. నియమించిన అధికారి కన్నా కిందివాడు డిస్మిస్ చేయరాదని, అభియోగాలు తెలిపి, వాటికి జవాబు చెప్పుకునేందుకు తగిన అవకాశం ఇవ్వాలని ఆ అధికరణం చెబుతుంది. నేటి గొడవంతా ఆ ‘తగిన అవకాశం’ దగ్గరే ఉంది.

ఒకప్పుడు ఉద్యోగికి రెండు అవకాశాలుండేవి. విచారణలో తన వాదన చెప్పుకోవడం మొదటిది. విచారణ ముగిశాక, ఫలానా శిక్ష వేయబోతున్నామంటూ ఇచ్చే నోటీసుకు బదులివ్వడం రెండోది. ఆ రెండో నోటీసుతో పాటే విచారణాధికారి నివేదిక ప్రతి కూడా ఉద్యోగి చేతికి అందేది. 42వ రాజ్యాంగ సవరణ ఆ రెండో అవకాశాన్ని తీసివేసింది. 1977 జనవరి 3 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాంతో నివేదిక నేరుగా శిక్ష వేసే అధికారి బల్ల మీదికి చేరడం, తన గురించి అందులో ఏం రాశారో ఉద్యోగికి డిస్మిస్ ఉత్తర్వుతో పాటే తెలియడం మొదలైంది. పదమూడేళ్లకు, 1990 నవంబరు 20న, మహ్మద్ రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు నివేదిక ప్రతి ఇచ్చి తీరాలని చెప్పింది.

అసలు మలుపు 1993 అక్టోబరు 1న వచ్చింది. హైదరాబాదులోని ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కూ కరుణాకర్ అనే ఉద్యోగికీ మధ్య నడిచిన కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, దోషి అవునో కాదో శిక్షాధికారి నిర్ణయించుకోక ముందే నివేదిక ఉద్యోగికి అందాలని, అది అతని హక్కని తేల్చింది. ఇంతవరకూ ఉద్యోగి గెలిచినట్టే. అయితే అదే తీర్పు మరో మాట కూడా చెప్పింది: నివేదిక ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతట అది రద్దు కాదు, ఇవ్వకపోవడం వల్ల తనకేం నష్టం జరిగిందో ఉద్యోగి కోర్టుకు చూపాలి. చూపి గెలిచినా, శాఖ అతణ్ని తిరిగి తీసుకుని, మళ్లీ సస్పెన్షన్లో పెట్టి, నివేదిక ఇచ్చే దశ నుంచి విచారణ కొనసాగించవచ్చు. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగిన కానిస్టేబులు, గెలిచిన తర్వాత కూడా సస్పెన్షన్లోనే మిగిలేది ఇందువల్లే. నేటి వివాదంలో సిబ్బంది వైపు వినిపించే బాధకు వేరు ఈ రెండో మాటలోనే ఉందని నా నమ్మకం.

ఆ బాధ ఎలా ఉంటుందో ఉత్తరాంధ్రలోనే ఒక కానిస్టేబులు ఇంట్లో చూశాను. ఊరు, స్టేషను చెప్పను. పాత సంచిలో ఓఈ కాగితాలు, వాటి పైన ఒక కట్టగా జీవనభృతి (సస్పెన్షన్లో ఇచ్చే సగం జీతం) కోసం నెలనెలా ఇవ్వాల్సిన ధ్రువపత్రాల నకళ్లు ఉన్నాయి. ‘ఈ నెలలో మరే ఉద్యోగమూ, వ్యాపారమూ చేయలేదు’ అన్న ఒకే వాక్యం, కింద సంతకం, తేదీలు మాత్రం వేరు. అది ఇవ్వకపోతే ఆ సగం జీతమూ రాదు. ఉత్తర్వులో చెప్పిన హెడ్‌క్వార్టర్ అనుమతి లేకుండా వదిలి వెళ్లకూడదు. ఇచ్ఛాపురంలో కాపురముండే మనిషికి శ్రీకాకుళాన్ని హెడ్‌క్వార్టర్‌గా వేస్తే, రెండు ఇళ్ల ఖర్చు ఆ సగం జీతంలోనే సర్దుకోవాలి. జీవనభృతి అందక విచారణకు రాలేకపోయిన ఉద్యోగి పరోక్షంలో నడిపిన విచారణ చెల్లదని సుప్రీంకోర్టు 1999లో పాల్ ఆంటొనీ కేసులో చెప్పింది. ఆ తీర్పు పేరు ఆయన విననే లేదు.

అధికారుల వాదన తీసిపారేయదగింది కాదు. ఆయుధం చేతిలో ఉన్న బలగంలో క్రమశిక్షణ సడలితే నష్టపోయేది ప్రజలే. అందుకే, బలగాల సిబ్బంది ప్రాథమిక హక్కులను పరిమితం చేసేందుకు రాజ్యాంగంలోని 33వ అధికరణం ఇచ్చిన అధికారంతో పార్లమెంటు 1966లో చేసిన చట్టం, అనుమతి లేకుండా సంఘాల్లో చేరడాన్నీ పత్రికలకెక్కడాన్నీ కట్టడి చేసింది. శాఖా విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదన్న 1963 నాటి తీర్పు కూడా మన రాష్ట్రపు సబ్ ఇన్‌స్పెక్టర్ శ్రీరామారావు కేసులో వచ్చినదే.

కాని ఆ కట్టడి వల్ల ఓఈ గదిలో కానిస్టేబులు ఒంటరివాడవుతాడు. సాక్షులను ప్రశ్నించేదీ, అతని జవాబు రాసుకునేదీ, నివేదిక ఇచ్చేదీ ఒకే అధికారి అయితే, అతను క్రాస్ ఎగ్జామినేషన్ ఎవరి ముందు చేయాలి? విచారణాధికారి తానే ప్రాసిక్యూటర్ కాకూడదని సుప్రీంకోర్టు 2018లో సీఆర్పీఎఫ్ జవాను రామ్ లఖన్ శర్మ కేసులో చెప్పింది. ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ల గురించిన 1991 నాటి రాష్ట్ర సీసీఏ నిబంధనల్లోనూ శాఖ తరఫున కేసు వినిపించే ప్రజెంటింగ్ ఆఫీసర్‌కు చోటుంది, ఉద్యోగికి తోడుగా మరో ఉద్యోగి నిలబడే వీలూ ఉంది. అయితే పై అధికారి ముందు తోటివాడి పక్షాన నిలబడడానికి ముందుకొచ్చేవారు దొరకాలి.

ఉద్యోగుల సర్వీసు వివాదాలు విన్న రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ రద్దయ్యాక ఈ కేసులన్నీ అమరావతిలోని హైకోర్టుకే వెళ్తున్నాయి. శాఖా విచారణ ఆరు నెలల్లో, తప్పకపోతే ఏడాదిలో ముగించాలని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అజయ్ కుమార్ చౌదరి కేసులో, చార్జ్ మెమో (అభియోగాలు తెలిపే పత్రం) ఇవ్వకుండా సస్పెన్షన్ మూడు నెలలు దాటకూడదని, మెమో ఇచ్చాక పొడిగించాలన్నా కారణాలు రాసిన ఉత్తర్వు కావాలని పేర్కొంది. ఇప్పుడు సస్పెన్షన్లో ఉండి, చార్జ్ మెమో ఇంకా అందలేదంటున్న వారు ముందుగా చూసుకోవలసింది సస్పెన్షన్ ఉత్తర్వు మీది తేదీనే.