తుప్పలు ఎందుకు కొడుతున్నానంటే

చిన్నీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో నా చేతుల మీద గీరుకున్న గీతలు చూసి ఏమైందని అడిగారు. ముళ్లతుప్పలు కొట్టానని చెప్పగానే బుజ్జికి కోపం వచ్చింది. "మా స్కూల్లో మొక్కలు నాటమంటారు, నువ్వు నరుకుతున్నావా అమ్మమ్మా?" అంది. అడగాల్సిన ప్రశ్నే. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇదిగో.

మీ పిన్ని ఇంటి నుంచి కారులో వెళ్తే ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో కొలార్డ్ హిల్ అనే కొండ వస్తుంది. అక్కడ లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఉంటుంది. రెక్కల మీద సిరా చిందినట్టు నల్ల చుక్కలు. 1979లో అది బ్రిటన్‌లో ఒక్కటి కూడా మిగలకుండా పోయింది.

దాని బతుకే ఒక కథ. తల్లి థైమ్ అనే చిన్న మొక్క మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. ఆ ఆకు నలిపితే మన వాము గుర్తొస్తుంది, రెండింటి ఘాటూ ఒకటే. గొంగళిపురుగు కొన్నాళ్లు ఆ పూలు తిని, నేల మీదకు దిగిపోతుంది. దాని ఒంటి మీద ఊరే తీపి చుక్కను ఒక ఎర్రచీమ నాకుతుంది. వాసన చూసి తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతుంది. కాకి గూట్లో కోకిల పిల్ల సంగతి మీకు తెలుసుగా, ఇది అంతకన్నా గడుసుది. పది నెలలు ఆ పుట్టలోనే ఉండి చీమల పిల్లల్నే తిని పెరుగుతుంది!

ఆ చీమ ఏదో ఒక చీమ అయితే చాలదు. మిర్మికా సబులేటి అనే జాతే కావాలని జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త 1970లలో ఏళ్ల తరబడి గమనించి తేల్చారు. ఆ చీమకు ఎండ తగిలే వెచ్చని నేల కావాలి. గడ్డి కాస్త ఎత్తు పెరిగినా నేల చల్లబడి, దాని చోటు వేరే చీమలు ఆక్రమిస్తాయి. 1950లలో ఒక జబ్బు వచ్చి అక్కడి కుందేళ్లు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మేసేవి లేక గడ్డి, ఆ తర్వాత తుప్పలు పెరిగిపోయాయి. ఒకచోటైతే సీతాకోకచిలుకలు పట్టేవాళ్లు రాకుండా కంచె కట్టారు. ఆ కంచె పశువులనూ ఆపేసింది, గడ్డి పెరిగి అక్కడా ఆ సీతాకోకచిలుకలు మాయమయ్యాయి. ప్రేమతో కట్టిన కంచె అది. తెలిసినప్పుడు నాకు గుండె కలుక్కుమంది.

ఈ సంగతంతా అర్థమయ్యాకే 1980లలో ఆ సీతాకోకచిలుకలను స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ వదిలారు. కొలార్డ్ హిల్‌కు 2000లో చేరాయి.

ఆ నేలకు ఎండ తగలాలనే మేం తుప్పలు కొడుతున్నాం. మా పని చలికాలంలోనే, పక్షులు గూళ్లు పెట్టని రోజుల్లో. తోలు గ్లౌజులు, రంపాలు, పొడుగు పిడుల కత్తెరలు. హాథార్న్ అనే పొద ముళ్లు మన రేగుకంప కంటే తక్కువేం కాదు. అన్నీ కొట్టం, పిట్టల కోసం కొన్ని పొదలు వదిలేస్తాం. ఆ తర్వాత గడ్డి పొట్టిగా ఉంచే పని పశువులది.

బుజ్జీ, మీ పెరట్లో కరివేపాకు చెట్టు ఉంది కదా. దాని ఆకు మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న సీతాకోకచిలుక గొంగళిపురుగు ఉంటే దులిపేయొద్దని అమ్మకు చెప్పు. రోజూ చూసి, ఎప్పుడు ఆకుపచ్చగా మారిందో నాకు రాయి.

మీ అమ్మమ్మ