యుద్ధకాలంలో క్షయ ఎందుకు ముదురుతుంది?

యుద్ధం వచ్చినచోట అంటువ్యాధుల మాటెత్తితే కలరా, టైఫస్ (పేల వల్ల సోకే జ్వరం) ముందు గుర్తుకొస్తాయి. అవి రోజుల్లో ప్రాణం తీస్తాయి కనుక అధికారుల దృష్టీ అటే పోతుంది. 1943-44 చలికాలంలో నేపుల్స్ నగరంలో టైఫస్ తలెత్తితే, మిత్రరాజ్యాల సైన్యం లక్షలాది మంది బట్టల్లోకి డీడీటీ పొడి కొట్టి, పేలను చంపి, దాన్ని అదుపులోకి తెచ్చింది. క్షయ అలా లొంగదు. దాని సూక్ష్మజీవి ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, తిండి తగ్గి మనిషి నీరసించినప్పుడు లేస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్ తటస్థంగానే ఉంది. అయినా మాంసం, వెన్న విదేశాలకు తరలిపోయి సొంత జనానికి అందకపోవడంతో అక్కడ క్షయ మరణాలు పెరిగాయి. 1917లో జర్మన్ జలాంతర్గాముల దెబ్బకు ఎగుమతులు ఆగి, ఆ తిండి దేశంలోనే మిగిలిపోయాక, పొరుగు దేశాల్లో వ్యాధి ఇంకా ముదురుతుండగానే అక్కడ తగ్గుముఖం పట్టింది. రెండో యుద్ధంలో ఒక జర్మన్ బందీ శిబిరంలో బ్రిటిష్, రష్యన్ ఖైదీలకు బస, పని, శిబిరం కూడు ఒకటే. రెడ్‌క్రాస్ ఆహార పొట్లాలు మాత్రం బ్రిటిష్ వారికే అందేవి. క్షయ వారిలో నూటికి ఒకరికి కాస్త పైగా కనిపిస్తే, రష్యన్లలో 15 మందికి పైగా కనిపించింది. నా దృష్టిలో ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు.

రెండో కారణం ఇరుకు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట తీరగ్రామాల వారికి తుఫాను షెల్టరు తెలిసినదే: ఏటవాలు జల్లుకు కిటికీలన్నీ మూసేస్తారు, చాపలు ఒకదానికొకటి ఆనుకుని పరుచుకుంటారు, మూలన ఎవరో రాత్రంతా దగ్గుతూనే ఉంటారు. దగ్గు తుంపరలు ఎండి మిగిలే అతిసూక్ష్మ కణాలు గాలాడని గదిలో గంటల తరబడి తేలుతాయి. రెండు రాత్రుల బసలో సోకే ముప్పు తక్కువే. యుద్ధ శిబిరాల్లో ఆ ఇరుకు నెలలు, ఏళ్లు సాగుతుంది.

బ్రిటన్ 1943లో చిన్న ఎక్స్‌రేలతో సామూహిక పరీక్షలు ప్రారంభించడమే కాక, చికిత్సకు వెళ్లిన రోగుల కుటుంబాలకు భత్యం కూడా ఇచ్చింది. కూలి పోతుందనే భయంతోనే జబ్బును దాచుకునేవారు చాలామంది కనుక అది వైద్యంలో భాగమే. (కోలుకుంటారన్న ఆశ లేనివారికి మాత్రం ఆ భత్యం దక్కలేదు, యుద్ధానికి పనికొచ్చే చేతులే సర్కారుకు కావాలి మరి.) మన దేశంలో టీబీ రోగులకు పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024లో దాన్ని 1000కి పెంచారు. జార్ఖండ్‌లో రోగుల ఇళ్లలోని వారికి అదనపు ఆహారం ఇచ్చి చూసిన పరిశోధనలో, వారికి కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో తేలింది.

మూడో కారణం మందులు మధ్యలో ఆగిపోవడం. మామూలు క్షయకు ఆరు నెలల మాత్రలు చాలు. మధ్యలో మానితే మందులకు లొంగని మొండి టీబీ తయారు కావచ్చు, దాని చికిత్స మరింత కష్టం. ఊళ్లు ఖాళీ చేసి పరుగెత్తేవారు కార్డూ మాత్రలూ ఇంట్లోనే వదిలేస్తారు. అందుకే యుద్ధప్రాంతాల్లో రోగికి ముందుగానే కొన్ని వారాల మందు, చికిత్స వివరాల కాగితం చేతికిస్తారు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు మన తీర మండలాల్లోని రోగులకూ అదే చేయవచ్చు, షెల్టరుకు వచ్చినవారి పేర్లు రాసుకునేటప్పుడే “టీబీ మాత్రలు వాడుతున్నారా, తెచ్చుకున్నారా?” అని పక్కకు పిలిచి అడగడానికి ఒక ఆశా కార్యకర్త ఉంటే సరిపోతుంది.