పాప ఇంకా కళ్ళెందుకు తెరవలేదు?

"ఆపరేషన్ బాగా అయిందన్నారు కదా సార్, మరి పాప కళ్ళెందుకు తెరవట్లేదు?" హైదరాబాద్‌లో పిల్లలకు గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో ఐసీయూ తలుపు దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఇది. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకొని వచ్చిన తల్లికి "మత్తులో ఉందమ్మా" అంటే సరిపోదు. ఎందుకో చెప్పాలి.

ఆపరేషన్ సమయంలో గుండెను ఆపి, రక్తాన్ని హార్ట్ లంగ్ మెషిన్‌తో తిప్పుతారు. గుండెలోని రంధ్రం మూశాక అది మళ్ళీ కొట్టుకుంటుంది కానీ, మొదటి రోజు అది బాగా అలిసిపోయి ఉంటుంది. పాప ఏడ్చి గింజుకుంటే ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఆ గుండె అంత రక్తం పంపలేకపోతుంది. అందుకే పాపను కావాలనే మత్తులో ఉంచుతారు. కొందరు పిల్లల్లో శ్వాస కోసం పెట్టిన గొట్టంలోంచి కఫం లాగినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి పాపకు కఫం లాగే ముందు ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కాస్త ఇస్తారు.

పసికందులకు నొప్పి అంతగా తెలియదని ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవారు. కదలకుండా చేసే మందు మాత్రం ఇచ్చి, నొప్పి మందు దాదాపు లేకుండానే కోసేవారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. భారతదేశం నుంచి ఇంగ్లండ్ వెళ్ళిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో, నెలలు నిండని పిల్లల గుండె దగ్గరి రక్తనాళం ఆపరేషన్‌లో ఫెంటానిల్ ఇస్తే ఒత్తిడి హార్మోన్లు తగ్గుతాయనీ, తర్వాత పిల్లలు మెరుగ్గా ఉంటారనీ చూపించింది. కదలని పాపకు నొప్పి లేదనుకోకూడదని అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది.

మరి నొప్పి ఉందని తెలిసేదెలా? శ్వాస గొట్టం స్వరపేటిక గుండా వెళ్తుంది కాబట్టి పాప ఏడ్చినా శబ్దం రాదు. నోరు తెరుచుకుంటుంది, కనుబొమలు ముడిపడతాయి, అంతే. అందుకే సిస్టర్ మంచం పక్కన రెండు నిమిషాలు నిలబడి ముఖం, పిడికిలి, కాళ్ళ కదలిక, వెంటిలేటర్‌తో పాప పెనుగులాడుతోందా లేదా అన్నవన్నీ చూసి మార్కులు వేస్తుంది. కంఫర్ట్ బిహేవియర్ స్కేల్ అనే ఆ లెక్క 6 నుంచి 30 వరకు ఉంటుంది. మరీ తగ్గితే మందు తగ్గిస్తారు, పెరిగితే పెంచుతారు.

మత్తు ఎక్కువైనా ముప్పే. బీపీ పడిపోతుంది, వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది. మిడజోలం అనే మత్తుమందు ఎక్కువ రోజులు ఇస్తే పిల్లలు అయోమయంలో పడే అవకాశం పెరుగుతుంది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల డెక్స్‌మెడెటోమిడిన్ అనే మరో మత్తుమందు వాడుతున్నారు. దాని మత్తు సహజ నిద్రకు దగ్గరగా ఉంటుంది, శ్వాసను పెద్దగా అణచదు. గుండె వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది, కాబట్టి మానిటర్ మీద ఓ కన్ను వేసే ఉంచాలి.

తల్లిదండ్రులకు ముందే చెప్పాల్సింది మరొకటి ఉంది. నాలుగైదు రోజులు మందులు నడిచాక వాటిని తగ్గిస్తుంటే పాపకు వణుకు, చెమట, విరేచనాలు, ఆగకుండా ఆవులింతలు రావచ్చు. అమ్మ వంక చూడకపోవచ్చు కూడా. "నన్ను మర్చిపోయింది" అని ఆ తల్లి గోడ పట్టుకుని ఏడుస్తుంది. మర్చిపోలేదమ్మా, మందు దిగుతోంది. ఇంటి దగ్గర కప్పే దుప్పటి తెచ్చి, చెవి దగ్గర రోజూ పిలిచే పేరుతో పిలవండి.