మాగాయ దగ్గరికి దారి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నాయనమ్మ వంటలు ఒక ఫైల్లో, పెరటి సంగతులు ఇంకో ఫైల్లో ఉంటే ఒకదాన్నుంచి మరొకదానికి క్షణంలో ఎలా వెళ్తారని మొన్న అడిగారు కదా. నేను వాడేది విమ్. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన ఎడిటర్, అంటే కంప్యూటర్లో రాతలు రాసుకునే ప్రోగ్రాము. ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం పుట్టిన ట్యాగుల పద్ధతి అందులో ఉంది. ట్యాగు అంటే ఒక మాట నుంచి దాని సంగతి ఉన్న చోటికి తీసుకెళ్లే గుర్తు. దాన్ని నేను ఊరగాయలకు వాడుకుంటున్నాను.

నోట్సు ఉన్న ఫోల్డర్‌లోనే ట్యాగ్స్ అనే ఫైలు పెట్టుకోవాలి (ఆ పేరు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో ఉండాలి). అందులో ఒక్కో లింకుకు ఒక్కో వరుస: పేరు, ఫైలు, చోటు. మధ్యలో ట్యాబ్ కీ నొక్కాలి, స్పేస్ కాదు.

మాగాయ	వంటలు	/మాగాయ ముక్కలు/

మొదట్లో చోటుకు బదులు 12 అని వరుస సంఖ్య వేశాను. తర్వాత వంటల ఫైల్లో మాగాయకు పైన ఆవకాయ గురించి నాలుగు వరుసలు చేర్చాను. అంతే, మాగాయ కోసం వెళ్తే పప్పుచారు ఇంగువ దగ్గర తేలాను! వరుస జరిగింది, సంఖ్య జరగలేదు. గీతల మధ్య మాటలు రాస్తే విమ్ వాటిని వెతుక్కుంటూ వెళ్తుంది, అవి ఎంత కిందికి జరిగినా సరే.

పేర్లను అకారాది క్రమంలో ఉంచండి. నిఘంటువును మధ్యకు తెరిచి చూసినట్టు విమ్ వెతుకుతుంది కాబట్టి వరుస తప్పితే ఉన్న పేరు కూడా దొరక్కపోవచ్చు.

ఇక పెరడు ఫైల్లో మాగాయ అనే మాట మీద కర్సర్ ఉంచి, కంట్రోల్‌తో పాటు ] నొక్కితే వంటల్లోకి వెళ్లిపోతారు. కానీ నేను అక్కడ "ఈ చెట్టు కాయలు మాగాయకు బాగుంటాయి" అని రాశాను. విమ్‌కు విభక్తులు తెలియవు పాపం, "మాగాయకు" అనే ట్యాగు లేదని గొడవ చేస్తుంది. అప్పుడు ఇంగ్లిష్ చిన్న వి (v) నొక్కి "మాగాయ" వరకే ఎంచుకుని, మళ్లీ కంట్రోల్‌తో పాటు ] నొక్కాలి. తరచూ వాడే మాటయితే మాగాయకు అని ఇంకో వరుస చేర్చేస్తాను.

వెనక్కి రావడానికి కంట్రోల్, టి. మూడుసార్లు గెంతితే మూడుసార్లు నొక్కండి, వచ్చిన దారినే తీసుకొస్తుంది.

నాయనమ్మ ముక్కలు ఎండబెట్టింది, కాకుల్ని తోలాలట. ఉంటాను.

మీ తాతయ్య